హాకీ ఫైనల్‌కు దూరంగా కొల్వా తీరానికి

జహీరాబాదు నుంచి సముద్రం చూడాలనుకునేవాళ్ళు మామూలుగా బొంబాయి వెళతారు. రోడ్డు మా ఊరి మధ్య నుంచే పోతుంది కాబట్టి లారీ దొరికితే చాలు. మేము మాత్రం గోవా వెళ్ళాము. అదీ దసరా వెళ్ళి దీపావళి ఇంకా రాని రోజుల్లో, వానలు ఆగీ ఆగకుండా ఉన్నప్పుడు. ఆ రోజుల్లో అక్కడికి పెద్దగా ఎవరూ రారని, బొంబాయి వాళ్ళు క్రిస్మస్‌కు గానీ దిగరని తెలిసే బయలుదేరాము. మాకు జనం లేని చోటు కావాలి. ఇంకా సరిగా చెప్పాలంటే రేడియో లేని చోటు కావాలి. ఎందుకంటే అప్పుడు టోక్యోలో ఒలింపిక్స్ జరుగుతున్నాయి. హాకీలో మన జట్టూ పాకిస్తాన్ జట్టూ సెమీఫైనల్ దాకా వచ్చేశాయి.

నాతో వచ్చినాయన యాకూబ్ సారు. మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. ఊళ్ళో హాకీ కర్ర పట్టిన ప్రతివాడికీ ఆయన ఉస్తాదే. నేను అల్లం, బెల్లం వ్యాపారం చేసుకునేవాణ్ణి. మా వాళ్ళది న్యాల్‌కల్ వైపు, ఇంట్లో కన్నడం. ఉస్తాద్ జట్టులో చాలా ఏళ్ళుగా లెఫ్ట్ హాఫ్ ఆడుతున్నాను. ఆయన తమ్ముడు రఫీక్ తనకంటే గొప్ప ఆటగాడని ఉస్తాదే అంటుంటారు. పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు రఫీక్ కరాచీ వెళ్ళిపోయాడు, అక్కడే రైల్వేలో కుదురుకున్నాడు. ఉస్తాద్ ఇక్కడే ఉండిపోయారు.

నాలుగేళ్ళ కిందట రోములో మనవాళ్ళు పాకిస్తాన్ చేతిలో ఒక్క గోలుతో ఓడినప్పుడు మేమిద్దరం రోడ్డు మీది హోటల్లో రేడియో ముందే ఉన్నాం. ఆట అయిపోయాక హోటల్లో సగం మంది ఉస్తాద్ ముఖం వైపు చూశారు. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఓడిపోయినందుకు ఏడ్చిన కళ్ళు అవి. అది ఎంతమందికి అర్థమైందో తెలియదు గానీ, మరునాడు పొద్దున ఆయన ఇంటి అరుగు మీద పాకిస్తాన్ గెలుపుకు పండగ చేసుకొమ్మన్నట్టు ఎవరో మిఠాయి పొట్లం పెట్టిపోయారు. ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు. ఉస్తాద్ ఆ మాట ఎవరితోనూ అనలేదు. చాలా రోజులు గ్రౌండుకు మాత్రం రాలేదు.

ఈసారి ఆయన భార్య నన్ను ఇంటికి పిలిపించింది. నేను ఆమెను భాభీ అంటాను. చాయ్ ఇచ్చి, తలుపు దగ్గర నిలబడి చెప్పింది. "సంగన్నా, ఫైనల్‌కు మల్ల గా రెండు టీములే వస్తయంటున్రు. ఆ దినం ఈయన ఊర్ల ఉంటే నా పానం నిమ్మళముండది. జర ఎటన్న తీస్కపో." అడిగితే ఉస్తాద్ ఒప్పుకోరనుకున్నాను. ఆయన కాసేపు చేతి గోళ్ళు చూసుకుని, తానింతవరకు సముద్రం చూడలేదని, వెళదామని అన్నారు. ఒక షరతు పెట్టారు. దారిలో ఇద్దరిలో ఎవరూ హాకీ మాట ఎత్తకూడదు. నేను ఒప్పుకున్నాను. ఫైనల్ వినకుండా ఎలా ఉండగలనో మాత్రం నాకే తెలియలేదు.

షోలాపూరు వెళ్ళే మా అల్లం లారీలో ముందు సీటు మీద తెల్లవారుతుండగా బయలుదేరాం. నాకు తెలిసిన లారీ కాబట్టి కిరాయి అడగలేదు. బయటివాళ్ళయితే మనిషికి మూడు రూపాయలు ఇస్తే కూర్చోబెట్టుకుంటారు. డ్రైవరు మారుతి హుమ్నాబాదు మనిషి, తెలుగూ కన్నడమూ మరాఠీ ఒకే మాటలో కలిపేస్తాడు. చెరకు తోటలు దాటి ఎర్ర నేల మొదలయ్యేలోపే హాకీ ఎత్తుకున్నాడు. మనవాళ్ళ బ్యాకులు ఎట్లాంటివాళ్ళో, సెమీఫైనల్లో ఎవరు ఎవరిని ఓడిస్తారో, రోములో పోయిన పరువు ఎలా తిరిగి రావాలో చెబుతూనే ఉన్నాడు. హుమ్నాబాదులో ఆగి ఉప్మా తింటున్నప్పుడూ అదే మాట. ఉస్తాద్ కిటికీ బయటికి చూస్తూ, జేబు రుమాలు మడుస్తూ విప్పుతూ కూర్చున్నారు. చివరికి మారుతి ఆయన్నే అడిగాడు, ఫైనల్ ఎవరిదని.

"ఎవరు మంచిగ ఆడితే వాండ్లది," అన్నారు ఉస్తాద్. "నువ్వు రోడ్డు దిక్కు చూడు."

మధ్యాహ్నానికి షోలాపూరు చేరాం. అక్కడి నుంచి గదగ్ వైపు సాయంత్రం చిన్న లైను రైలు ఉంటుంది. మూడో తరగతిలో చోటు కావాలంటే బండి ప్లాట్‌ఫారం మీదికి రాగానే ఎక్కాలి. బీజాపూరు మీదుగా రాత్రంతా కుదుపుకుంటూ పోయి, గదగ్‌లో బండి మారి, మరునాడు మధ్యాహ్నం హుబ్లీలో దిగాం. గోవా బండి ఇక తెల్లవారిన తరువాతే. స్టేషను ఎదుటి ధర్మశాలలో సామాను పెట్టి, ఇంటి నుంచి తెచ్చిన జొన్న రొట్టెలు, పల్లీల కారం తిన్నాం. ఉస్తాద్ గదిలో ఉండలేకపోయారు. ఊరు చూద్దామని బయటికి వచ్చాం. ఏ వీధిలో ఏముందో ఇద్దరికీ పట్టలేదు. తిరిగి తిరిగి మళ్ళీ స్టేషను దగ్గరికే వచ్చాం. ప్లాట్‌ఫారం మీది టీ దుకాణంలో రేడియో వార్తలు వస్తున్నాయి. సెమీఫైనళ్ళలో రెండు జట్లూ గెలిచాయి.

నాకు సంతోషం పొంగుకొచ్చింది, పక్కనే ఉన్న ఆయన కోసం దాన్ని అణచుకున్నాను. ఉస్తాద్ ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచి వెళ్ళారు, తిరిగి వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. మూడోసారి తిరిగి వచ్చి, వెనక్కు పోదామా అని అడిగారు. ఎందుకని అడిగాను. ఇక్కడ ఉండబుద్ధి కావడం లేదు, అక్కడా కాదు, అంతే అన్నారు. గోవా టిక్కెట్లు తీసుకున్నానని చెప్పాను. నిజానికి ఇంకా తీసుకోలేదు. ఆయన టీ తాగుతుండగా వెళ్ళి తీసుకువచ్చాను.

హుబ్లీ నుంచి లోండా, లోండా నుంచి గోవా. ఈ దారి గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. క్యాజిల్ రాక్ దాటాక బండి కొండ అంచు పట్టుకుని నెమ్మదిగా దిగుతుంది. వానలు అప్పుడే తగ్గాయి కాబట్టి అడవి నల్లటి ఆకుపచ్చగా ఉంది, రాళ్ళన్నీ నీళ్ళు కారుతున్నాయి. సొరంగాల్లోంచి బయటపడుతూ పడుతూ ఒక మలుపులో దూధ్‌సాగర్ కనిపించింది. కొండ మీది నుంచి పాలు ఒలకబోసినట్టు తెల్లగా దిగుతున్న జలపాతం, దాని పక్కగానే రైలు వంతెన. నీటి తుంపర కిటికీలోంచి మా ముఖాల మీద పడింది. మా పెట్టెలో వాళ్ళంతా ఒకవైపుకు వచ్చి నిలబడ్డారు. మెట్ట పంటల ఊళ్ళ నుంచి వచ్చిన మాకు అన్ని నీళ్ళు ఊరికే పడిపోతుంటే చూడటమే వింతగా ఉంది. ఉస్తాద్ అయిదు నిమిషాల పాటు కదలకుండా చూశారు. కొల్వా చేరేదాకా ఆయన కుదురుగా నిలబడింది అప్పుడొక్కసారే.

మడగావ్‌లో దిగాక కొల్వాకు చిన్న బస్సు ఉంది. అర్ధ రూపాయి లోపే. దారి పొడుగునా వరి పొలాలు, తెల్ల చర్చీలు, కొబ్బరి తోటలు. బస్సు తీరానికి కాస్త ముందే దించేస్తుంది. హోటలు అనదగ్గది మాకు కనబడలేదు. చర్చి దగ్గర అడిగితే మరియా బాయి ఇల్లు చూపించారు. అరవై దాటిన విధవరాలు, గట్టి మనిషి. ఇద్దరికీ గది, రెండు పూటలా భోజనం కలిపి రోజుకు నాలుగు రూపాయలంది. క్రిస్మస్‌కు దీనికి రెట్టింపు తీసుకుంటానని కూడా తానే చెప్పింది. ఆమెది కొంకణి, నాది కన్నడం కలిసిన మరాఠీ. పని జరిగిపోయింది. నేను శాకాహారినని చెబితే కాసేపు జాలిగా చూసి, కందిపప్పులో కొబ్బరి వేసి వండింది. దొడ్డు ఎర్రబియ్యం అన్నంలో అది చాలా బాగుంది. ఉస్తాద్‌కు చేపల పులుసు.

భోజనం చేస్తున్న హాల్లోనే, గోడ పక్కన బల్ల మీద, లేసు గుడ్డ కప్పి పెద్ద రేడియో ఉంది. ఓడలో పనిచేసే ఆమె కొడుకు కొనుక్కొచ్చాడట. ఉస్తాద్ దాన్ని చూశారు, నేనూ చూశాను, ఇద్దరం పళ్ళెంలోకి తల వంచుకున్నాం. నాలుగు వందల మైళ్ళు రేడియో నుంచి పారిపోయి వచ్చి దాని పక్కనే పీట వేసుకున్నాం.

సాయంత్రం తీరానికి వెళ్ళాం. అక్టోబరు సముద్రం బొమ్మల్లో ఉండే నీలం కాదు. ఇంకా మట్టి కలిసిన రంగు, పెద్ద అలలు, అల్లంత దూరం నుంచే మోత. ఇసుక మాత్రం తెల్లగా, కుడికీ ఎడమకీ కనుచూపు మేర, మనిషన్నవాడు లేకుండా పరుచుకుని ఉంది. బోర్లించిన పడవలకు ఇద్దరు మనుషులు తారు పూస్తున్నారు. ఉస్తాద్ చెప్పులు విప్పి నీటి అంచు దాకా వెళ్ళారు. తడి ఇసుకను మడమతో రెండుసార్లు గట్టిగా తొక్కి చూశారు. నేల గట్టిగానే ఉందని, బంతి బాగా ఉరుకుతుందని అన్నారు. షరతు పెట్టిన మనిషే దాన్ని తెంపేశారు. ఆయనే వెంటనే మాట మార్చి, నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటాయో చూద్దామని చేయి తడిపి నాలుకకు అద్దుకున్నారు.

మరునాడే ఫైనల్. టోక్యోలో పగలంటే మనకు పొద్దున. తెల్లవారకముందే ఉస్తాద్ పక్క మీద లేరు. తీరానికి వెళ్ళి చూస్తే జాలరులు పెద్ద వల లాగుతున్నారు. ఇరవై ముప్పై మంది రెండు తాళ్ళు పట్టుకుని, రెండు వరుసలుగా, ఒక పాట లాంటిది అనుకుంటూ వెనక్కు నడుస్తున్నారు. ఉస్తాద్ కూడా ఒక వరుసలో నిలబడి లాగుతున్నారు. పైజామా మోకాళ్ళ దాకా మడిచారు, చొక్కా అంతా తడిసింది. నేను రెండో తాడు దగ్గరికి వెళ్ళాను. చాలాసేపు లాగాం. వల ఒడ్డుకు వచ్చి, వెండిలా చేపలు ఇసుకలో ఎగురుతుంటే అందరూ చుట్టూ మూగారు. ఉస్తాద్ చేపల వైపు చూడనే లేదు. నా దగ్గరికి వచ్చి, నా చేతి గడియారం వైపు చూసి, అడగకుండా వెళ్ళిపోయి, నాలుగడుగుల తరువాత మళ్ళీ వెనక్కు వచ్చారు.

"సంగన్నా, షురూ అయిందంటవా?"

అయి ఉంటుందన్నాను.

చేపల కోసం బుట్టతో వచ్చిన మరియా బాయి మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చింది. మీరు చదువుకున్నవాళ్ళలా ఉన్నారు, ఇంటికి రండి, రేడియోలో ఆట వస్తోంది, వాళ్ళు హిందీలో గబగబా మాట్లాడుతుంటే నాకు ఒక్క ముక్కా తెలియడం లేదు, కాస్త చెప్పి పెట్టండి అంది. ఈ ముసలమ్మకు హాకీ ఎందుకనుకుని, అదే మాట అడిగాను. తన తమ్ముడి కుటుంబం కరాచీలో ఉందని చెప్పింది. గోవా నుంచి కరాచీకి ఎన్నో కుటుంబాలు పోయి స్థిరపడ్డాయట. తమ్ముడికి హాకీ అంటే ప్రాణమని, ఇప్పుడు అక్కడ అతనూ రేడియో దగ్గరే కూర్చుని ఉంటాడని, అందుకే తనకూ వినాలని ఉందని అంది. ఈ మాటలన్నీ ఆమె చేపలు ఏరుకుంటూ, గొంతు తగ్గించకుండా, పదిమంది మధ్యలో మామూలుగా చెప్పింది.

నేను తెలుగులో చెప్పేలోపే ఉస్తాద్‌కు కరాచీ అన్న మాట అందింది. మిగతాది నేను చెప్పాను. ఆయన ఆమె ముఖంలోకి తేరిపార చూశారు. తరువాత, ఆమె ఎవరి దిక్కో అడగమని నాతో అన్నారు.

ఆమె బుట్ట నెత్తికెత్తుకుంటూ జవాబిచ్చింది. "నేను ఇక్కడ ఉన్నాను, ఇక్కడివాళ్ళే గెలవాలి. నా తమ్ముడు మాత్రం బాధపడకూడదు. రెండూ ఎలా కుదురుతాయో దేవుడే చూసుకోవాలి."

అది విని ఉస్తాద్ నవ్వారు. ఊరు వదిలాక నవ్వడం అదే మొదలు. ఆమె కంటే ముందు నడిచారు. కొబ్బరి తోటలోకి వచ్చాక ఇక నడక కాదు, పరుగే. నేను ఆయన వెనక పరుగెత్తాను.

మేము చేరేసరికి మొదటి సగం నడుస్తోంది, ఎవరికీ గోలు లేదు. గరగరమని అడ్డుపడే శబ్దంలోంచి వ్యాఖ్యానం ఆగి ఆగి వస్తోంది. ఇరుగుపొరుగు వాళ్ళు నలుగురైదుగురు గడప మీద కూర్చున్నారు. ఉస్తాద్ కూర్చోలేదు. రేడియో పక్కన నిలబడి, వచ్చిన ప్రతి మాటనూ చెప్పడం మొదలుపెట్టారు. ఆయన తెలుగులో చెబితే నేను మరాఠీలో, నా మరాఠీని మరియా బాయి కొంకణిలో. బంతి ఎక్కడుందో బల్ల మీద వేలితో గీసి చూపించారు. మా స్కూలు పోరగాళ్ళకు చెప్పినట్టే చెబుతున్నారు, బ్యాకు ఎందుకు ముందుకు రాకూడదో, కార్నరు కొట్టేటప్పుడు బంతిని ఎలా ఆపాలో. రెండో సగంలో మనకు కార్నరు వచ్చింది. బంతి గోలులోకి పోతుంటే వాళ్ళ ఆటగాడి కాలికి తగిలింది, పెనాల్టీ ఇచ్చారు. అప్పుడు ఉస్తాద్ చెప్పడం ఆపేశారు. రెండు చేతులతో ముఖం మూసుకున్నారు. రేడియోలో ఒక్కసారిగా హోరు లేచింది. మనకు గోలు.

తరువాతి ఆట అంతా వాళ్ళు మన మీద పడటమే. మన గోలీ ఒకదాని తరువాత ఒకటి ఆపుతున్నాడు. ఉస్తాద్ కాళ్ళు నిలబడిన చోటే కుడికీ ఎడమకీ జరుగుతున్నాయి, తానే గోలులో ఉన్నట్టు. నేను బల్ల కోడు పట్టుకుని కూర్చున్నాను. ఆట ముగిసిందన్న మాట నాకు సరిగా వినబడనే లేదు. ఉస్తాద్ ముఖం చూసి తెలుసుకున్నాను. అరిచేశాను. ఆయన్ని పట్టుకుని ఎత్తేశాను. గడప మీదివాళ్ళు చప్పట్లు కొట్టారు. మరియా బాయి ఆయన చేయి పట్టుకుని ఊపింది. ఆయన ఏడుస్తున్నారు. ఆ గదిలో ఆయన ముఖం వైపు అనుమానంగా చూసినవాళ్ళు ఎవరూ లేరు.

కాసేపటికి చూస్తే ఆయన లేరు. తీరంలో, ఆరేసిన వల పక్కన ఇసుకలో కూర్చుని ఉన్నారు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన వల ముడులు వేలితో తడుముతున్నారు.

"రఫీక్ ఇయ్యాల అన్నం ముట్టడు," అన్నారు.

చిన్నప్పటి నుంచి అంతేనట. జట్టు ఓడిపోయి వస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాడట. అమ్మ బతిమాలినా, నాయన కొట్టినా లేచేవాడు కాదట.

"నేను పోయి పక్కన కూసుంటే తింటుండె," అన్నారు. పాదాల మీది ఇసుక దులుపుకుంటూ, "ఆడ ఎవరు కూసుంటరో ఏమో," అన్నారు.

అలల వైపు చూస్తూ కూర్చున్నాం. మరియా బాయి అన్నానికి పిలిచేదాకా అక్కడే ఉన్నాం. ఆయన వెళ్ళి రెండుసార్లు అన్నం పెట్టించుకుని, నిదానంగా, మొత్తం తిన్నారు.

ఇంకో రెండు రోజులు ఉండాలన్నది మా ఆలోచన. ఉస్తాద్ వినలేదు. పోరగాళ్ళు గ్రౌండులో ఎదురుచూస్తుంటారని, మరునాటి బండికే వెళదామని పట్టుబట్టారు. వచ్చిన దారినే తిరిగి వచ్చాం. షోలాపూరులో ఈసారి బొంబాయి నుంచి హైదరాబాదు పోయే లారీ దొరికింది. జహీరాబాదులో సాయంత్రం దిగేసరికి నేను అలసిపోయి ఇంటికే వెళ్ళాను. ఆయన సంచీ అలాగే భుజానికి తగిలించుకుని గ్రౌండుకు వెళ్ళారు. నేను స్నానం చేసి వెళ్ళేసరికి పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, పెనాల్టీ గోలు ఎలా పడిందో మట్టిలో గీసి చెబుతున్నారు. గట్టు మీద ఊరి పెద్దలు కొందరు నిలబడి వింటున్నారు. వాళ్ళ వైపు ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

ఈ ప్రయాణం గురించి అడిగినవాళ్ళకు దూధ్‌సాగర్ గురించే చెబుతుంటాను. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం మరియా బాయి గుర్తుకు వస్తుంది. మనిషిని నలుగురి చూపుల నుంచి దూరంగా తీసుకుపోతే చాలు, కుదుటపడతాడనుకున్నాను. దారి పొడుగునా ఆయనా నేనూ ఒక్కచోట నిలవలేకపోయాం. కరాచీలో ఉన్న తమ్ముణ్ణి నిర్భయంగా తలచుకోగలిగిన గదిలో మాత్రం ఆయన నిలబడ్డారు. అలాంటి గది మా ఊళ్ళోనే ఎందుకు దొరకలేదన్నది నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న. జవాబు గోవాలో లేదు, దాన్ని మా ఊళ్ళోనే వెతుక్కోవాలి.

వచ్చే ఏడు దసరా తరువాత కొల్వా వెళ్ళేవారికి ఒక్క మాట. గది చవక, తీరం ఖాళీ, కానీ అక్టోబరు చివరి దాకా అలల కింద నీళ్ళు లోపలికి గుంజుతుంటాయి. జాలరులు ఎక్కడ దిగితే అక్కడే దిగండి. వాళ్ళు ఒడ్డున కూర్చుని ఉంటే మీరూ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి.